దుష్టరాజు నెత్తి మీద అవ్వ చెంబు

మా సత్సంగంలో వారానికొకరు నాలుగు మాటలు చెప్పాలి. మొన్న నా వంతు వచ్చింది. విషయం వాళ్లే ఇచ్చారు. సినిమాల్లో, ఫోన్లలో కొట్లాటలు చూసి పిల్లలు ఎట్లా పాడవుతున్నారో చెప్పమన్నారు. పురాణం చదవడమూ, చదివింది నలుగురికీ చెప్పడమూ నాకు చిన్ననాటి అలవాటు. ఇదెంత పని అనుకుని కాగితం ముందేసుకుని కూర్చున్నాను. "దేవుడి కథలు చూసి పెరిగిన మా రోజుల్లో ఒకరి మీద ఒకరు చెయ్యెత్తడం ఎరగం" అని మొదటి వాక్యం రాశాను. చదువుకున్నాను. కొట్టేశాను.

స్వామి పటం ముందు నిలబడి చదవాల్సిన కాగితంలో అబద్ధం ఉండకూడదు. దేవుడి కథ చూస్తూ, నిండు సభలో, ఒక మనిషి నెత్తి పగిలేటట్టు కొట్టినవాళ్లను నేను కళ్లారా చూశాను. కొట్టింది మా అవ్వ. మా బాపును కన్న తల్లి. అంతకు మించిన భక్తురాలిని నేను ఇంతవరకు చూడలేదు.

మర్రిగూడ దాటి ఎర్రనేలల్లో రెండు కోసులు నడిస్తే మా ఊరు. మాకు ఒక గొర్ల మంద, వానను నమ్ముకున్న కొంత చెలక ఉండేవి. తొలకరికి తడిసిన కంబళ్ల వాసన, పిడకల దాలిలో కాగే పాల వాసన, అవ్వ చేతుల వెన్న వాసన కలిస్తే మా ఇల్లు. అవ్వ తెల్లవారకముందే సల్ల చిలికేది. మొదటి వెన్నముద్ద గుట్ట మీది స్వామికి పోయేది. అది పోనిదే ఇంట్లో ఎవరి నోట్లోనూ మెతుకు పడేది కాదు. పాలు తాగే పసిపిల్లకు మాత్రం మినహాయింపు ఉండేదట. నాకు ఆ మినహాయింపు మూడో ఏట రద్దయిందని అమ్మ చెప్పేది.

బాపు ఊరి భజనకు పెద్ద. చదువు వచ్చినవాడు. శనివారం శనివారం గుడి ముందు పురాణం చదివి అర్థం చెప్పేవాడు. నాకు అక్షరాలు ఆ పుస్తకాల మీదే వచ్చాయి.

ఆ ఎండాకాలం కోసు దూరంలో ఉన్న అంగడి ఊరికి డేరా సినిమా వచ్చింది. మా చిన్నాయిన, అంటే బాపు తమ్ముడు, తన ఇద్దరు కొడుకులనూ నన్నూ బండిలో వేసుకుని తీసుకుపోయాడు. అమ్మ గుడాలు ఉడికించి మూట కట్టి ఇచ్చింది. డేరాలో ఇసుక మీద కూర్చున్నాం. బీడీ పొగ, ఇంజను నూనె, తడి ఇసుక కలిసి ఒక వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఇంజను ఆగి మొదలైతే నాకు గుడాలు తినాలనిపిస్తుంది.

తెర మీద ఒక రాకుమారుడు కత్తి తిప్పుతూ పదిమందిని పడగొట్టాడు. మాకు కత్తికంటే అతని పళ్లు పెద్ద వింత. మా నీళ్లు తాగినవాళ్ల పళ్లకు పసుపు గార తప్పదు. అంత తెల్లగా మెరిసే పళ్లు అంతకుముందు గొర్రెపిల్లలకే చూశాం. ఎదుటి పక్షంలో ఒక దుర్మార్గుడు ఉన్నాడు. నడుము మీద చేతులు పెట్టి, తల వెనక్కి వాల్చి, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా, ఆఖరికి గుడ్డ డేరా ఊగేలా నవ్వేవాడు. నవ్వు అయ్యాక కొరడా ఝళిపించేవాడు.

తెల్లవారి నుంచి మా చేతుల్లో కందికట్టెలు. పొడుగుదాన్నని నేనే రాకుమారుడిని. తమ్ముళ్లిద్దరూ ఒక్కోసారి సైన్యం, ఒక్కోసారి శత్రువులు. నాలుగో రోజుకు ఒకరినొకరు కొట్టుకోవడం విసుగు పుట్టింది. పెద్ద శత్రువు కావాలనిపించి మా మందలోని కొమ్ముల పొట్టేలును ఎంచుకున్నాం. నేను ముందు నిలబడి, సినిమాలో విన్నట్టే యుద్ధానికి రమ్మని పిలిచాను. పొట్టేలు సినిమా చూడలేదు. దెబ్బ తగలకముందే పడిపోవాలన్న సంగతి దానికి తెలియదు. చిన్న తమ్ముణ్ని ఎత్తి అంబలి కుండలో కూర్చోబెట్టింది. కుండ పగిలింది. వాడు నెత్తి నుంచి కాళ్లదాకా అంబలి కారుతూ, నన్నే చూపిస్తూ ఏడ్చాడు.

ఆ శనివారం బాపు పురాణం పక్కన పెట్టి డేరా సినిమా గురించే చెప్పాడు. కంట్లో పడింది చేతుల్లోకి దిగుతుందన్నాడు. కత్తులు చూసిన పిల్లలు కట్టెలు పడతారని, కట్టెలు పట్టినవాళ్లు రేపు కత్తులు పడతారని అన్నాడు. అందరూ తలలు తిప్పి మా ముగ్గురినీ చూశారు. ఆ రోజు నుంచి ఊరి పిల్లలెవరూ డేరా దిక్కు పోకూడదు. చూడాలనుకుంటే భాగోతం చూడాలి. అందులో శాంతి ఉంది, భక్తి ఉంది.

భాగోతం మా ఊరి సొంతది. మిరుగు అంటే మృగశిర వానలకు ముందు, మూడేళ్లకొకసారి, అయిదు దినాలు ఆడేవాళ్లు. పొద్దు వాలినాక మొదలుపెట్టి దీపాల వేళకు ఆపేవాళ్లు. కథ గుట్ట స్వామిది. ఒక గొల్ల భక్తుడు తొలి పాలు రాజుకు ఇవ్వకుండా స్వామికి పోస్తాడు. దుష్టరాజు అతన్ని కట్టేసి కొరడాతో కొట్టిస్తాడు. అయిదో దినం స్వామి కనిపించేసరికి రాజుకు బుద్ధి వచ్చి, భక్తుడి కాళ్ల మీద పడి తానూ భక్తుడవుతాడు. మంగళహారతితో కథ అయిపోతుంది.

దానికి ఒక కట్టుబాటు ఉంది. మొదటి రోజు గుడిలో వేషగాళ్లందరికీ, ఆట నడిపే పెద్దకూ ముంజేతికి కంకణం కడతారు. కంకణం ఉన్నన్నాళ్లు వేషం విప్పినా వాళ్లు వేషగాళ్లే. రాజును ఊరంతా రాజా అనే పిలవాలి, భక్తుణ్ని భక్తుడా అనాలి. వాళ్లు ఊరి పొలిమేర దాటకూడదు, నాగలి ముట్టకూడదు. అయిదో దినం హారతి అయితేనే కంకణం తెగుతుంది. ఆట మధ్యలో ఆగిందా, కంకణం అట్లాగే ఉండిపోతుంది.

ఆ ఏడు మొత్తం తొమ్మిది కంకణాలు. ఆట నడిపే పెద్దగా అందులో మా బాపుది ఒకటి. భక్తుడి వేషం మా చెలక పక్క చెలక ఆయనది. గట్టు జరిపాడని మా అవ్వ ఆయనతో నాలుగేళ్లుగా మాట్లాడదు. కంకణం కట్టిన రోజు మాత్రం ఎదురుపోయి చేతులు జోడించింది. ఆరో రోజు నుంచి మళ్లీ మాట్లాడనని అమ్మతో ముందే చెప్పి పెట్టింది.

దుష్టరాజు మా దర్జీ మామ. ఊళ్లో ఆయనంత మెత్తని మనిషి లేడు. కొలత తీసేటప్పుడు కూడా, "జర చెయ్యి లేపుతవా బిడ్డా" అని అడిగి, లేపాక దండం పెట్టినట్టు తల ఊపేవాడు. మీసం మాత్రం పెద్దది. ఆ మీసం చూసే రాజు వేషం ఇచ్చారు. వెనకటిసారి ఆయన గుడ్డ కొరడాతో భక్తుణ్ని తాకీ తాకకుండా కొట్టి, "తాకిందా అన్నా" అని మెల్లగా అడిగితే ముందు వరస దాకా వినిపించిందట.

మొదటి దినం సగం ఆటలో జనం ఒక్కొక్కరే లేచిపోయారు. ఎటు పోతున్నారో అందరికీ తెలుసు. డేరా సినిమాకు వేళవుతోంది. బాపు ముఖం నల్లబడింది. ఆట అయ్యాక దర్జీ మామను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. మేం పిల్లలం వినలేదు.

రెండో దినం కొరడా దెబ్బల ఘట్టం. అవ్వ ఎప్పటిలాగే ముందు వరసలో కూర్చుంది. మధ్యలో వేషగాళ్లకు సల్ల పోసే పని తరతరాలుగా మా ఇంటిది. అందుకని ఆమె పక్కన సల్లకుండ, చేతిలో ఇత్తడి చెంబు ఉన్నాయి. నేను ఆమె ఒళ్లో ఆనుకుని కూర్చున్నాను.

రాజు వచ్చాడు. నడుము మీద చేతులు పెట్టాడు. తల వెనక్కి వాల్చాడు. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా, ఆఖరికి పందిరి ఊగేలా నవ్వాడు. అది డేరాలోని నవ్వు. నవ్వు అయ్యాక, ఎద్దులను తోలే నిజమైన తోలు చెర్నకోల తీసి నేల మీద ఝళిపించాడు. ఆ చప్పుడుకు గుడి మీది పావురాలు లేచాయి. రెండో దెబ్బ భక్తుడి వీపుకు జానెడు దూరంలో పడింది. భక్తుడు నిజంగానే భయపడి స్వామీ అని అరిచాడు.

అవ్వ ఒళ్లు నా వీపు వెనక బిగుసుకోవడం తెలిసింది. తర్వాత నా వెనక ఎవరూ లేరు. అరవై దాటిన మనిషి, కీళ్లు పట్టేసి గుట్ట ఎక్కడానికి కట్టె ఊతం కావాల్సిన మనిషి, ఎవరూ చెయ్యి ఇవ్వకుండా పందిరి కింది గద్దె ఎక్కింది. రాజు మూడో దెబ్బకు కొరడా ఎత్తాడు.

"నా స్వామి భక్తుని మీదనే ఎత్తుతవురా" అని చెంబుతో నెత్తి మీద వేసింది.

ఠంగుమంది. అట్ట కిరీటం రెండు ముక్కలైంది. రాజు కూలబడ్డాడు. చెంబులోని సల్ల ఆయన మీసం నుంచి కారుతోంది. రెండో దెబ్బ పడేదే, భక్తుడు కట్లు తెంపుకుని వచ్చి అవ్వ చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి పట్టుకున్నది గట్టు జరిపినవాడని ఆమెకు అప్పుడు గుర్తు లేదు. "నువ్వు భయపడకు నాయినా, నేనున్న" అని ధైర్యం చెప్పింది.

మేం ముగ్గురం పిల్లలం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. సినిమాలో కూడా ఇంత బాగా లేదు.

దర్జీ మామ నెత్తి మీద నిమ్మకాయంత బొప్పి కట్టింది. మూడో దినం ఆయన రాలేదు. బాపు పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి పోయాడు. నేను వెనకే పోయాను. దర్జీ మామ మిషను ముందు కూర్చుని, నెత్తికి పసుపు గుడ్డ కట్టుకుని, ఎవరిదో అంగీ కుడుతున్నాడు. మనిషిగా తనకు కోపం లేదన్నాడు. పెద్దమ్మ చేతి దెబ్బ తల్లి చేతి దెబ్బ అన్నాడు. కానీ ఈ అయిదు దినాలు తాను రాజు. రాజును నిండు సభలో కొట్టారు. కంకణం మీద ఉన్న రాజుకు ఆమె వచ్చి మొక్కి, తప్పయిందని అంటే తప్ప గద్దె ఎక్కనన్నాడు.

పెద్దమనుషుల్లో ఒకరు, అంత పంతం ఏమిటని, అసలు ఆ నవ్వు ఎక్కడ నేర్చావని గద్దించారు. దర్జీ మామ మెత్తగానే జవాబిచ్చాడు. కంబళి కప్పుకుని డేరా సినిమాకు మూడుసార్లు పోయానని ఒప్పుకున్నాడు. తర్వాత బాపు దిక్కు తిరిగాడు.

"మొదటి దినం జనం లేచిపోతుంటే నువ్వే అన్నవు గదనే, జర గట్టిగ చెయ్యి, సినిమా తీర్గ చెయ్యి అని. చేసిన."

పెద్దమనుషులందరూ బాపును చూశారు. బాపు గోడకు తగిలించిన అంగీలను చూశాడు. చాలా శ్రద్ధగా చూశాడు.

అవ్వ దగ్గర సంగతి ఇంకా గట్టిగా ఉంది. దర్జీకి తప్పయిందని చెప్పడానికి ఆమెకు అభ్యంతరం లేదు. దెబ్బ వేసిన మరుక్షణం నుంచి ఆ మనిషి కోసం ఆమె మనసు పీకుతూనే ఉంది. వెన్న కూడా పంపింది. కానీ కంకణం తెగేదాకా ఆయన దర్జీ కాడు, రాజు. స్వామి భక్తుణ్ని కొట్టించిన రాజుకు మొక్కడమంటే స్వామికి వీపు చూపడమే.

"నా పానం పోయినా మొక్క" అంది. అని, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది.

ఇద్దరూ కట్టుబాటు తప్పడం లేదు. అదే చిక్కు. కట్టుబాటు తప్పేవాళ్లయితే ఊరు బెదిరించి దారికి తెచ్చేది.

నాలుగో దినం దక్షిణాన మబ్బు పట్టింది. అయిదో దినం తెల్లవారకముందే మంచి వాన కొట్టింది. తెల్లవారేసరికి ఎర్రనేల ఆవిరి కక్కుతోంది. ఊరంతా విత్తనం వేసే గొర్రులు, గంపలు ఎత్తుకుని చేలకు పోయింది, తొమ్మిది ఇళ్లు తప్ప. ఆ తొమ్మిది ఇళ్ల మగవాళ్లలో దర్జీ మామకు చెలక లేదు. ఆయన మిషను టకటకమంటూనే ఉంది. మిగతా ఎనిమిది మందిలో మా బాపు ఇంట్లో, ఏడుగురు గుడి అరుగు మీద ముంజేతుల కేసి చూసుకుంటూ కూర్చున్నారు. మా నేల తడి రెండు దినాలకు మించి నిలవదు. ఆ రెండు దినాల్లో ఆముదాలు, జొన్నలు పడకపోతే ఆ ఏడు ఆ ఇళ్లలో తిండి గింజ ఉండదు. ఆ ఎనిమిది ఇళ్లలో మాదొకటి. ఆడవాళ్లు మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. అవ్వను ఎవరూ ఏమీ అనలేదు. అనకుండా నిలబడ్డారు. అవ్వ రాళ్లు ఏరే చెయ్యి ఆగింది.

బాపు పుస్తకాలన్నీ తిరగేస్తున్నాడు. ఇటువంటి చిక్కు ఏ పురాణంలోనూ రాలేదు. అప్పుడు అమ్మ, బాపు ముందు ఎన్నడూ గొంతెత్తని మా అమ్మ, పొయ్యి మీద రొట్టె తిరగేస్తూ, తల ఎత్తకుండానే అంది.

"అయిదో దినం రాజు మారుతడు గద అత్తమ్మా. మారినంక ఆయన సుత స్వామి భక్తుడే. కంకణం సుత అప్పటికింక తెగి ఉండదు. అప్పుడు మొక్కితే తప్పేంది?"

రొట్టె మాడింది. బాపు పుస్తకం మూశాడు. అవ్వ కోడలి దిక్కు చాలాసేపు చూసి, నన్ను పిలిచి, ఈ మాట పోయి రాజుకు చెప్పి రమ్మంది.

నేను పరుగెత్తాను. దర్జీ మామ మిషను ఆపి విన్నాడు. దెబ్బ తిన్నది మారని రాజు గదా, మొక్కు మారిన రాజుకైతే ఎట్లా అని అడిగాడు. లోపలి నుంచి ఆయన పెండ్లాం, మూడు దినాల సంది బాయి కాడ తనతో ఎవరూ మాట్లాడుతలేరని, ఏ రాజైనా ఫరవాలేదు పొమ్మని అంది. ఆయన కాసేపు మీసం నిమిరాడు.

"సరే బిడ్డా. గని ఆ చెంబు మాత్రం ఇంట్ల పెట్టి రమ్మను" అన్నాడు.

మూడు, నాలుగు దినాల ఆట వదిలేసి, మిట్టమధ్యాహ్నమే ఆఖరి ఘట్టం మొదలుపెట్టారు. మిగతా ఊరు చేలల్లో ఉంది. చూసేవాళ్లం ముసలివాళ్లు, పిల్లలు, ఆ తొమ్మిది ఇళ్ల ఆడవాళ్లు. కిరీటాన్ని దారంతో కుట్టి బొప్పికి తగలకుండా ఒక పక్కకు పెట్టుకున్నాడు రాజు. స్వామి కనిపించాడు. రాజు వణికి, భక్తుడి కాళ్ల మీద పడి, ఏడ్చాడు. తన తప్పు ఒప్పుకునే పద్యం ఆయన ఏనాడూ అంత బాగా పాడలేదు. లేచాడు. అవ్వ గద్దె ఎక్కింది.

రాజు చెయ్యి తనకు తెలియకుండానే కిరీటం మీదికి పోయింది. పిల్లలం నవ్వాం. అవ్వ ఒట్టి చేతులు రెండూ ముందుకు చాచి చూపించింది. "స్వామి భక్తునికి మొక్కుతున్న. నా తప్పు కాయి" అని వంగింది.

తల్లి వయసు మనిషి తన కాళ్లకు వంగడం దర్జీ మామ తట్టుకోలేకపోయాడు. ఆమెను ఆపుదామని తానూ గబుక్కున వంగాడు. రెండు తలలూ ఢీకొన్నాయి. సరిగ్గా ఆ బొప్పి మీదే.

దర్జీ మామ నెత్తి పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాం. నవ్వుతున్నాడు. సినిమా నవ్వు కాదు. కొలత తీసేటప్పుడు ఎప్పుడో వచ్చే చిన్న నవ్వు. అవ్వ నుదురు రుద్దుకుంటూ ఆయన పక్కనే కూలబడి తానూ నవ్వింది.

హారతి అయింది. కంకణాలు తెగాయి. ఆ తర్వాత జరిగింది నేను ఏ తెర మీదా చూడలేదు. ముఖాలు కడుక్కునే తీరిక ఎవరికీ లేదు. పసుపు పచ్చని అర్దళం రంగులతో, అద్దకాల దుస్తులతో భటులు, మంత్రి, సాక్షాత్తు స్వామి కూడా చేలకు పరుగెత్తారు. మా పక్క చెలకలో నిలువునామాల భక్తుడు ఎద్దులను అదిలిస్తున్నాడు. మా చెలకలో బాపు గొర్రు తోలుతుంటే, పట్టు అంగీ వేసుకున్న రాజు వెనక నడుస్తూ ఆముదపు గింజలు వదులుతున్నాడు. మనిషి తక్కువైంది, రా తమ్మీ అని బాపే అడిగాడట. చెలక లేని ఆయనను అట్లా పనికి తోడు పిలిచినవాళ్లు అంతకుముందు లేరు.

పొద్దు దిగే వేళకు అవ్వ అంబలి కుండ ఎత్తుకుని వచ్చింది. నేను దొప్పలు పట్టుకుని వెంట వచ్చాను. గట్టు మీద కుండ దింపి, ముందు ఆయననే పిలిచింది. ఆ అయిదు దినాల్లో మొదటిసారి రాజా అని పిలవలేదు.

"కొడుకా, గిటు రా. నెత్తి జూపియ్యి."

ఆయన వచ్చి మట్టిలో ఆమె ముందు వంగి కూర్చున్నాడు. అవ్వ కిరీటం తీసి గట్టు మీద పెట్టింది. కొంగు ముడి నుంచి వెన్న తీసి బొప్పి మీద మెల్లగా రాసింది. ఆ వెన్న పొద్దున స్వామికి తీసిపెట్టిన మొదటి ముద్ద. అది స్వామికి పోకుండా ఇంకొకరికి పోవడం నేను పుట్టాక అదే మొదలు.

"ఎందుకే పెద్దమ్మా, మొక్కినవు గద, అయిపాయె" అన్నాడు ఆయన.

"మొక్కింది భక్తునికి. కొట్టింది రాజును. నొప్పి నీకే గదా కొడుకా" అంది అవ్వ. అని ఆయన నెత్తి మీద చెయ్యి అట్లాగే ఉంచింది.

మీసానికి అంటిన అర్దళం రంగు మీద నీళ్లు కారాయి. నేను అంబలి దొప్ప పట్టుకుని నిలబడి చూస్తున్నాను. అవతల గట్టు మీద భక్తుడు తన వంతు కోసం చూస్తున్నాడు. అవ్వ ఆయనకూ దొప్ప నింపింది, మాట్లాడకుండా.

అవ్వ, దర్జీ మామ, పక్క చెలక ఆయన ముగ్గురూ స్వామి దగ్గరికి పోయి చాలా కాలమైంది. తర్వాత నేను చదివిన పుస్తకాలు తక్కువేమీ కాదు. చూసింది చేతుల్లోకి దిగుతుందని బాపు చెప్పింది నిజమే. అవ్వ చేతుల్లోకి దిగడం నేను చూశాను. కానీ ఆ చేతులే అయిదో దినం సాయంత్రం ఏం చేశాయో కూడా చూశాను. కథను నిజమని నమ్మి కొట్టిన మనిషి, కథ అయిపోయాక నొప్పి ఎవరికి మిగిలిందో వెతుక్కుంటూ చెలకదాకా నడిచింది. నా జన్మకు స్వామి చూపించిన పాఠాల్లో అంత స్పష్టమైనది ఇంకోటి లేదు. సత్సంగం కాగితంలో, కొట్టేసిన వాక్యం కింద, దాన్నే రాశాను. ఆ ఏడు ఆముదాలు బాగా పండాయి.